మొహమాటం పనికిరాని జబ్బు

ఊపిరితిత్తి మార్పిడి జరిగిందనగానే మన ఇళ్ళలో "గండం గడిచింది" అనుకుంటారు. ఛాతీ జబ్బుల డాక్టరుగా నేను చెప్పేది ఒకటే: కాపలా మొదలయ్యేది అప్పుడే.

ఎంఫిసీమా ఎక్కువగా పొగత్రాగేవారికి వస్తుంది. ఊపిరితిత్తుల్లోని గాలిగదుల గోడలు చితికిపోయి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. గుంటూరులో నేను చదివే రోజుల్లో ఈ రోగులకు ఇన్‌హేలరు, ఆక్సిజన్ తప్ప మేము ఇవ్వగలిగింది పెద్దగా లేదు. ఈ దేశంలో బాగా ముదిరిన కొందరికి మార్పిడి చేస్తారు. న్యూకాజిల్, హేర్‌ఫీల్డ్, పాప్‌వర్త్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ ఆస్పత్రులకు ఆ ఏర్పాటు ఉంది.

1963లో అమెరికాలో డాక్టర్ జేమ్స్ హార్డీ తొలిసారి ఊపిరితిత్తి మార్చినప్పుడు రోగి 18 రోజులే బ్రతికాడు. 1983లో టొరాంటోలో జోయెల్ కూపర్ బృందం విజయం సాధించాకే ఈ చికిత్స నిలదొక్కుకుంది. అయినా చిక్కులు పోలేదు. మొదటి మూడు రోజుల్లో కొత్త ఊపిరితిత్తికి నీరు పట్టవచ్చు. తరువాత గాలిగొట్టం అతుకు దగ్గర సన్నబడవచ్చు. ఒక్కటే మారిస్తే, మిగిలిన పాతది గాలితో ఉబ్బి కొత్తదాన్ని నొక్కవచ్చు. శరీరం కొత్తదాన్ని పరాయిదిగా చూసి తిరస్కరించకుండా జీవితాంతం మందులు వాడాలి. ఆ మందులవల్ల రోగనిరోధక శక్తి తగ్గి అంటురోగాలు సులువుగా వస్తాయి, మూత్రపిండాలూ దెబ్బతినవచ్చు. ఇంత చేసినా, అయిదేళ్ళు తిరిగేసరికి దాదాపు సగంమందిలో సన్నని గాలిగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోవడం మొదలవుతుంది.

ఇక మన ఇళ్ళ సంగతి. నేనెరిగిన ఒక తెలుగు పెద్దాయన రోజూ చిన్న యంత్రంలో ఊది అంకె రాసుకునేవారు. ఒక వారం అంకె నూటికి పది తగ్గింది. ఇంట్లో మనవరాలి ఓణీల ఫంక్షను. "ఈ రెండు రోజులూ పోనీండి, వాళ్ళనెందుకు శ్రమపెట్టడం" అన్నారాయన. భార్య వినలేదు. ఆస్పత్రికి ఫోన్ చేశారు. తిరస్కరణ మొదలైందని తేలింది. స్టెరాయిడ్ ఇచ్చారు. పోయిన ఊపిరి అంతా తిరిగి రాలేదుగాని చాలావరకు నిలబడింది. ఫంక్షను ఆయన లేకుండానే జరిగింది.

అందుచేత అలాంటివారు ఇంట్లో ఉన్నవారికి నా మనవి. జలుబుతో వచ్చిన బంధువును గుమ్మంలోనే ఆపండి. అడగకుండా పసరు మందులు ఇవ్వకండి. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ పెట్టకండి. టాక్రోలిమస్ మందు రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇండియా ప్రయాణానికి ముందు, టీకాలకు ముందు ఆస్పత్రిని అడగండి. అంకె తగ్గితే, జ్వరం వస్తే, అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యండి. ఆ ఫోన్ ఎత్తే డాక్టర్లలో నేనూ ఒకణ్ణి. త్వరగా చేశారని మేము ఎవరినీ విసుక్కోము.