ముఖచిత్రం ఒకటి, లోపలి పేజీ ఒకటి

2017 మార్చి అమెరికన్ వోగ్ పత్రిక అట్ట మీద ఏడుగురు మోడళ్లు. అందులో చైనా అమ్మాయి లియు వెన్ ఒకరు. 2009లో లోదుస్తుల బ్రాండ్ విక్టోరియాస్ సీక్రెట్ ర్యాంప్ ఎక్కిన తొలి చైనా మోడల్ ఆమే. బాగుంది అనుకుంటూ పేజీలు తిప్పితే, అదే సంచికలో జపాన్‌లో తీసిన ఫొటోలు. జపాన్ సంప్రదాయ కళాకారిణి గీషాలా ముస్తాబైనది ఎవరయ్యా అంటే, అమెరికా మోడల్ కార్లీ క్లాస్! విమర్శలొచ్చాక ఆమె క్షమాపణ చెప్పింది, సరే. అక్కడిదాకా వెళ్లినవాళ్లకు ఒక్క జపాన్ అమ్మాయి దొరకలేదా? 1970ల్లోనే పారిస్ ర్యాంపులపై నడిచిన సయోకో యమగుచి పుట్టిన దేశమాయె!

ఆసియాలో ఖరీదైన బ్యాగులు కొనేవాళ్లు పెరిగాకే ఫ్యాషన్ పత్రికలకు అక్కడి ముఖాల్లో అందం కనబడిందేమోనని నా అనుమానం. మన చామనచాయకైతే ఇప్పటికీ మోడల్ లక్ష్మీ మీనన్ లాంటి కొద్దిమంది పేర్లే చెప్పుకుంటున్నాం.