లినక్సు పరీక్షలు - వాని విలువ

పరీక్ష యనిన మన యిండ్లలో రెండే తలంపులు: గెలిచిన ఉద్యోగము, ఓడిన పరాభవము. దానివలన నేర్చినదేమి యని యడుగువారు మిక్కిలి అరుదు. నేడు కంప్యూటరు విద్యలో ప్రబలియున్న లినక్సు సర్టిఫికేటు పరీక్షలను గూర్చియు జనులు ఇట్లే తలంచుచున్నారు. మేము తోడికోడండ్ర మిరువురము ఏడాదికాలము ఈ పరీక్షలకై చదివి, వ్రాసి, వాని మంచిచెడ్డలు చూచినవారము. మాలో పెద్దామె బిడ్డల పెంపకమునకై ఉద్యోగము మాని తొమ్మిదేండ్లైనది. చిన్నామె బి.యస్సీ. ముగించి యింటనే యుండెను. గృహవ్యయమున మిగిల్చిన సొమ్ము దీనిపై పెట్టవచ్చునా యని తలపోయు సోదరీమణులకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

లినక్సు అనునది కంప్యూటరును నడిపించు మూలవ్యవస్థ. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ దీని కేంద్రభాగమును వ్రాసి లోకమునకు వెల్లడించెను. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమమున తయారైన పనిముట్లు దీనికి తోడైనవి. దీనిని వెల యియ్యకయే ఎవరైనను తెచ్చుకొనవచ్చును, విప్పి చూడవచ్చును, మార్చుకొనవచ్చును. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనునకును ఇదియే ఆధారము. పనిముట్టు ఉచితము, నేర్చుకొను మార్గములును చాలవఱకు ఉచితములే. పరీక్షకు మాత్రము వెల గలదు. ఆ వెలకు తగిన ఫలము కలదా యనునదే ప్రశ్న.

ఈ పరీక్షలు రెండు తెగలు. 1999లో స్థాపితమైన లినక్సు ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ వారి మొదటి మెట్టు సర్టిఫికేటునకు రెండు పరీక్షలు వ్రాయవలెను. ఒక్కొక్కదానికి 60 ప్రశ్నలు, 90 నిమిషములు. ఇచ్చిన జవాబులలో సరియైనదానిని గుర్తించుట, ఖాళీని పూరించుట, ఇంతియే. రెడ్‌హ్యాట్ వారి ఆర్.హెచ్.సి.ఎస్.ఏ. పరీక్ష యట్టిది కాదు. అందు ప్రశ్నలే లేవు; ఒక యంత్రమును ముందుంచి పనులు చెప్పుదురు, వానిని చేసి చూపవలెను. 300 మార్కులకు 210 వచ్చిననే గెలుపు. యంత్రమును ఆర్పి మరల వెలిగించినపుడు మనము చేసిన యేర్పాటు నిలువకున్న ఆ పనికి మార్కులు లేవు. ఒక సేవను ఆ క్షణమున నడుపుటకు 'స్టార్ట్' అనవలెను. యంత్రమును వెలిగించిన ప్రతిసారియు దానంతట అది లేచునట్లు చేయుటకు 'ఎనేబుల్' అనవలెను. ఈ రెండవమాట మఱచి ఓడినవారు పెక్కురని విన్నాము. మొదటి తెగ వంటల పుస్తకమును అప్పజెప్పుట వంటిది; రెండవది పొయ్యిముందు నిలిచి వండి వడ్డించుట వంటిది.

చదువునకు మాకు గొప్ప పరికరములు లేకుండెను. పిల్లవాడు విడిచిన పాత ల్యాప్‌టాపులో వర్చువల్‌బాక్స్ అను సాధనమును పెట్టుకొని, ఒక కంప్యూటరు కడుపులో మఱియొక కంప్యూటరును కల్పించుకొంటిమి. రెడ్‌హ్యాట్‌ను పోలిన ఆల్మా, రాకీ యను లినక్సులు ఉచితముగ దొరకును. పరీక్షలో నేయే విషయములు వచ్చునో ఆ సంస్థలే బహిరంగముగ ప్రకటించును. ఆ పట్టికను కాగితముపై వ్రాసి వంటింటి గోడకు అంటించి, వచ్చినదాని నెల్ల కొట్టివేయుచు వచ్చితిమి. మగవారును పిల్లలును వెడలిపోయిన పిమ్మట రెండు గంటలు మాకు పాఠశాల.

మన గృహిణులకు ఈ విద్య కొత్తదైనను దీని నీతి కొత్తది కాదు. కొట్టుగది తాళపుచెవి యెవరి కియ్యవలెను, ఎవరు చూడవచ్చును, ఎవరు ముట్టరాదు అను విచారమే లినక్సులో ఫైళ్ల హక్కులు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. ఒక ఫైలునకు 640 అని చెప్పిన, యజమాని చదివి వ్రాయవచ్చును, తన జట్టువారు చదువవచ్చును, పరాయివారికి ఏ హక్కును లేదు. ఈ లెక్క మాకు ఒక్క పూటలో పట్టువడినది.

కావలెనని చెడగొట్టి బాగుచేయుట మేము కనుగొన్న ఉత్తమాభ్యాసము. డిస్కులను ఎక్కడ తగిలింపవలెనో తెలుపు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అను ఫైలులో ఒక యక్షరము మార్చిన చాలును, యంత్రము లేవక నడుమనే నిలిచిపోవును. ఒకరు చెడగొట్టుట, మఱియొకరు బాగుచేయుట మా మధ్యాహ్నపు ఆటయైనది. సందేహము కలిగినపుడు యంత్రములోనే యుండు 'మ్యాన్' పుటలను తెఱచుట యలవాటు చేసికొంటిమి. రెడ్‌హ్యాట్ పరీక్షలో ఇంటర్నెట్టు దొరకదు. ఆ పుటలే దిక్కు.

అమీర్‌పేటలో ఒక శిక్షణాలయమువారు మాతో, "మీ కింత శ్రమ యెందుకమ్మా? జవాబులతో గూడిన ప్రశ్నల కట్ట యిచ్చెదము, పదునైదు దినములు బట్టీపట్టుడు, చాలును" అనిరి. మేము నమస్కరించి లేచివచ్చితిమి. పరీక్షకు ముందు ప్రతివారును నియమములకు ఒప్పుకొని సంతకము చేయవలెను. దొంగప్రశ్నలతో గెలిచినట్లు తేలిన సర్టిఫికేటు రద్దగును. అది తేలకున్నను ఉద్యోగమున మొదటి రాత్రియే గుట్టు బయటపడును.

మా అత్తగారు ఒకనాడు, "నా పదవ తరగతి సర్టిఫికేటు నేటికిని చెల్లుచున్నది. మీ కాగితము మూడేండ్లకే మురిగిపోవునేమమ్మా?" అని యడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. రెడ్‌హ్యాట్ వారిది మూడేండ్లు, లినక్సు ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ వారిది ఐదేండ్లు చెల్లును. ఇందు సంస్థల ఆదాయచింత లేదని చెప్పజాలము. ఐనను విద్యయు మారుచున్నది: 2014లో రెడ్‌హ్యాట్ 7వ కూర్పుతో సేవలను నడుపు పాత పద్ధతి పోయి 'సిస్టమ్‌డి' యను కొత్తది వచ్చెను. అంతకుముందు నేర్చినవారు మరల నేర్వవలసివచ్చెను.

ఇక ఫలము. పెద్దామె తొమ్మిదేండ్ల విరామమును చూచి అంతకుముందు దరఖాస్తులకు జవాబైన నిచ్చినవారు లేరు. సర్టిఫికేటు వచ్చిన పిమ్మట రెండుచోట్ల పిలుపు వచ్చెను. కాగితము చేసిన మేలు అంతవఱకే. లోపల కూర్చున్నవారు దానిని చూడనైన లేదు. "డిస్కు నిండినదని యంత్రము చెప్పుచున్నది, ఫైళ్లను కూడిన సగమైన లేవు. కారణమేమి?" అని యడిగిరి. ఒక ప్రోగ్రాము తెఱచి పట్టుకొన్న ఫైలును తుడిచివేసినను, ఆ ప్రోగ్రాము విడుచువఱకు చోటు ఖాళీ కాదని ఆమె చెప్పెను. ఆ చిక్కును మేము ఇంట కల్పించుకొని విప్పియుంటిమి. పరీక్షలో మాత్రము అది రాలేదు. ఆమెకు ఉద్యోగము దొరకెను. చిన్నామెకు అదే పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినను ఇంకను దొరకలేదు. అనుభవము లేని క్రొత్తవారికి కాగితమొక్కటే తలుపు తెఱవదు. ఆమె యిపుడు ఒక గ్రంథాలయపు కంప్యూటర్లను వారమునకు రెండు దినములు చూచుచు, ఆ పనిని దరఖాస్తులో చేర్చుచున్నది.

కావున మా నిర్ణయమిది. పూర్వము పనిచేసి విరామము తీసికొన్నవారికి ఈ సర్టిఫికేటు సొమ్మునకు తగినదే. క్రొత్తవారు మొదట మూడు నెలలు ఉచితముగ నేర్చి, తమకు కావలసిన ఉద్యోగ ప్రకటనలు ఏ పరీక్షను కోరుచున్నవో చూచుకొనవలెను. రెండు తెగలలో చేసి చూపు పరీక్షనే మేము మెచ్చుకొందుము. పట్టికలోని పనులన్నియు పుస్తకము చూడక చేయగలిగిన నాడే రుసుము చెల్లింపవలెను. ఉద్యోగము తప్పక యిప్పింతుమని ముందుగా సొమ్ము గోరువారి గుమ్మము త్రొక్కరాదు. సోదరీమణులు ముందు నేర్చి, పిమ్మట వెల చెల్లింతురు గాక!