హ్యాండ్‌బ్రేకు పట్టిన పట్టు

సావనీరులో హ్యాండ్‌బ్రేకు మీద వ్యాసమేమిటని పాఠక మిత్రులు నవ్వుకోవచ్చు. ప్రేమ మీద, ప్రగతి మీద, విద్యార్థుల కర్తవ్యం మీద రాయగలవాళ్లు మన యూనియన్‌లో చాలామందే ఉన్నారు. నేను మెకానికల్ మూడో ఏడాది వాణ్ణి. పైగా మా బాబాయికి ఒక పికప్ బండి ఉంది. కోనసీమ ఊళ్లన్నీ తిరిగి అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయలు తోలుతాడు. అంచేత నాకు తెలిసిన సంగతే రాస్తున్నాను.

కాలితో తొక్కే బ్రేకు బండిని ఆపుతుంది. ఆగిన బండిని కదలనీయకుండా పట్టి ఉంచేది హ్యాండ్‌బ్రేకు. మొదటిది నూనె ఒత్తిడి మీద నడుస్తుంది. మా బండిలాంటి వాటిలో రెండోదానికి నూనెతో నిమిత్తం లేదు. లివరు లాగితే తొడుగులో ఉన్న ఉక్కు తీగ బిగుసుకుని, వెనక చక్రాల డ్రమ్ముల్లో ఉన్న షూలను డ్రమ్ముకేసి నొక్కుతుంది. తొడుగులో కదిలే ఇలాంటి తీగకి 1896లో బ్రిటన్‌లో బౌడెన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. మన సైకిలు బ్రేకు తీగదీ అదే జాతి.

ఈ తీగతో ఒక చిక్కుంది. దానికి లాగడమే తెలుసు, తొయ్యడం తెలీదు. బ్రేకు పట్టించేది మన చెయ్యి, విడిపించేది లోపలి స్ప్రింగులు. లివరు కిందికి దించెయ్యగానే బ్రేకు వదిలిందని అనుకుంటాం గాని, దారిలో ఎక్కడ తుప్పు అడ్డొచ్చినా స్ప్రింగుల బలం చాలదు. లివరు దిగిపోతుంది, చక్రం మాత్రం బిగుసుకునే ఉంటుంది.

నిరుడు ఆశ్వయుజంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. హ్యాండ్‌బ్రేకు వేసిన బండి పెరట్లో తడుస్తూ నిలబడిపోయింది. అయిదో రోజు బయటికి తీస్తే వెనక చక్రం ఈడ్చుకుంటూ వచ్చింది. దగ్గర్లో ఉన్న ఒక మెకానిక్కు చూపిస్తే ఆయన పావుగంటలో తేల్చేశాడు. కిందికి దూరి, కేబుల్ సర్దే నట్టు వదులు చేశాడు. బండి హాయిగా కదిలింది. డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు.

బ్రేకు వదిలిందన్నది నిజమే. కాని అది ఇక పట్టనూ లేదు. పిల్లి అరుస్తోందని గొంతు నొక్కేస్తే ఇక అది ఎలకల్నేం పడుతుంది? అప్పట్నించీ కాలవ వంతెనల దగ్గర ఎత్తు మీద ఆపవలసి వస్తే, క్లీనరు కుర్రాడు కదులుతున్న బండిలోంచి దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. వాడిది నా ఈడే. ఒకనాడు కాయల లోడుతో బండి జానెడు వెనక్కి జారింది. వాడు కాలు లాక్కున్నాడు గాని చెప్పు చక్రం కింద ఉండిపోయింది. ఈ సంగతి వాడు నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సంక్రాంతి సెలవుల్లో నేనూ బాబాయీ కూచున్నాం. ముందు చదునైన చోట బండి పెట్టి, ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు వేశాం. జాకీతో వెనక భాగం ఎత్తి, ఇరుసు కింద గట్టి దిమ్మలు పెట్టాం. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరేవాళ్లని నేను చూశాను, చూసినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. నట్టు మళ్లీ బిగించి, లివరు లాగి వదిలాం. ఎడమ చక్రం చేత్తో తిప్పితే తిరిగింది, కుడిది కదల్లేదు.

"డ్రమ్ము ఊడదీసెయ్యరా, పోతుంది," అన్నాడు బాబాయి.

"ఉండు బాబాయ్, రోగం లోపలుందో బయటుందో ముందు తెలియాలిగా," అన్నాను.

లివరు నుంచి వచ్చే లాగుడు బండి కింద ఈక్వలైజరనే ముక్క దగ్గర రెండు చక్రాలకీ చీలుతుంది. అక్కణ్ణించి కుడి చక్రానికి వెళ్లే కేబుల్‌ని డ్రమ్ము దగ్గరి కొసన ఊడదీశాం. చక్రం బిగుసుకునే ఉంటే లోపం డ్రమ్ములో ఉన్నట్టు: లివరు ఇరుసు తుప్పుపట్టడమో, స్ప్రింగు విరగడమో, తడికి లైనింగు డ్రమ్ముకి అంటుకుపోవడమో. అంటుకుపోయినప్పుడు బండిని ముందుకీ వెనక్కీ మెల్లిగా కదిపితే చాలాసార్లు టప్పుమని విడిపోతుంది. మొండిగా ఈడిస్తే లైనింగు షూ నుంచి ఊడొచ్చే ప్రమాదముంది. ఇంకో మాట: డ్రమ్ము విప్పితే లోపలి దుమ్ము నోటితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకి విషం. తడిగుడ్డతో తుడవాలి.

మాకు అంతదాకా రాలేదు. కేబుల్ ఊడదీయగానే చక్రం సులువుగా తిరిగింది. అంటే దొంగ కేబులే. తడిమి చూస్తే కమాను పట్టీల దగ్గర రాపిడికి తొడుగు చిరిగి ఉంది. అందులోంచి నీరు దిగి తీగంతా తుప్పు.

కాస్త నూనె పొయ్యమన్నాడు బాబాయి. నూనె పోస్తే నాలుగు రోజులు కదులుతుంది, చిరుగు చిరుగుగానే ఉంటుంది. పైగా ఆ నూనె జారి లైనింగు మీద పడితే పట్టవలసిన బ్రేకు కూడా జారుతుంది. కొత్త కేబుల్ తెచ్చి, ఈసారి రాపిడి లేని దారిన కట్టాం. ముందు డ్రముల్లో షూల సందు సరిచేసి, తరవాతే కేబుల్ నట్టు ముట్టుకున్నాం. ఈ వరస తిరగబడితే వచ్చేది మళ్లీ పాత కథే. పది కిలోమీటర్లు తిప్పి వచ్చి, రెండు డ్రమ్ముల దగ్గరా అరచెయ్యి తగలకుండా పెట్టి చూశాం. వేడి రెండు వైపులా ఒకటే.

ముసుర్లో బండి రోజుల తరబడి నిలపాల్సొస్తే ఇప్పుడు బాబాయి చదును నేల చూసి, గేరులో ఉంచి, చక్రాలకి రాళ్లు వేసి, హ్యాండ్‌బ్రేకు వెయ్యడం మానేశాడు.

మొన్న వెళ్లినప్పుడు చూస్తే క్లీనరు కుర్రాడి సీటు కింద ఆ నల్లరాయి ఇంకా ఉంది. "ఇంకా ఎందుకురా ఇది?" అన్నాను.

"ఆయ్, ఓనరుగారు దింపొద్దన్నారండి."

లోడు బండి ఎత్తు మీద నిలబడితే రాయి కూడా ఉండాల్సిందేనంటాడు బాబాయి. దానికి నేను కాదనలేదు. కాకపోతే ఇప్పుడు బండి పూర్తిగా ఆగి, లివరు కటకటా పైకొచ్చాక, వాడు తాపీగా దిగి, చెప్పులు సరిగ్గా తొడుక్కుని మరీ రాయి పెడుతున్నాడు.