509 దాటిన మాట

పాలమూరు, నల్లగొండ పల్లెల ఆడవాళ్లు తమ వలస బతుకుల గురించి చెప్పిన మాటల్లో పదాలు వెతుక్కోవడానికి సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాసుకుంటున్నాను. సాహిత్యం చదివినదానివి, నీకీ గొడవెందుకని మిత్రులు అడుగుతుంటారు. ఆడవాళ్ల మాటను ఎవరు, ఎక్కడ తెంచుతారన్నదే నా పరిశోధన. ఆ ప్రశ్న ఇక్కడా ఎదురైంది.

ఒక పెద్దమ్మ మాటల్ని కోట్ గుర్తుల మధ్య పెట్టి, 1990 నాటి ప్రమాణాన్ని కచ్చితంగా పాటించమంటే జీసీసీ కంపైలర్ హెచ్చరించింది: స్ట్రింగ్ పొడవు 509 దాటిందని. ఏ కంపైలరైనా కనీసం అంత పొడవును తీసుకోగలగాలన్నది ఆ ప్రమాణం. 1999లో దాన్ని 4095 చేశారు. ఇవాళ్టి కంపైలర్లు అంతకన్నా ఎంతో పొడవైనవాటినీ తీసుకుంటాయి. ప్రోగ్రాం ఎక్కడైనా నడవాలనుకునేవారికే ఈ హెచ్చరిక.

అయితే అక్కడ లెక్కపెట్టేది మన అక్షరాల్ని కాదు, బైట్లని. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు కావాలి. 'స్త్రీ' అని రాస్తే మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం. ఆరు సంకేతాలు, 18 బైట్లు. 509లో 'స్త్రీ' 28 సార్లకు మించి పట్టదు! ఆ కొలత పెట్టేనాటికి యూటీఎఫ్-8 పుట్టనే లేదు కాబట్టి ఇందులో కుట్రేమీ లేదు. కొలతలు పెట్టేచోట మనం ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

"పొద్దుగాల లేసి, సద్ది గట్టుకోని, సంటిపోరిని సంకనేస్కోని, గుంపు మేస్త్రి ఎంబడి లారెక్కి..." ఆమె వాక్యం ఇలా సాగుతూనే ఉంటుంది. పని మీద పని పడే బతుకులో వాక్యానికి పూర్తి క్రియ దొరకదు. దీన్నెక్కడ కొయ్యాలి?

ముక్కలు చేసి పక్కపక్కన రాస్తే చూడటానికి బాగుంటుంది. కానీ కంపైలర్ వాటిని కలిపేశాకే కొలుస్తుంది, హెచ్చరిక పోదు. ముక్కల్ని ఎరేలో విడివిడిగా పెడితే పోతుంది. కానీ రెండు ముక్కల మధ్య పడ్డ మాట వెతికితే దొరకదు. బైట్ల లెక్కన గుడ్డిగా కోస్తే అక్షరమే చితికిపోతుంది. హెచ్చరికను నోరు మూయించే మార్గమూ ఉంది. అన్నిటికన్నా మేలైనది, ఆమె మాటల్ని వేరే ఫైల్‌లో ఉంచి, ప్రోగ్రాం నడిచేటప్పుడు చదివించడం. ఆ పరిమితి సోర్సులో రాసిన స్ట్రింగులకే గానీ ఫైళ్లకు కాదు. నేనదే చేశాను.

తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటల్ని వాళ్ల గొంతుతోనే స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. నల్లగొండ బిడ్డ మల్లు స్వరాజ్యం మాటలూ అందులో ఉన్నాయి. అప్పటిదాకా పోరాట చరిత్రలో స్త్రీలకు దక్కింది ఏ కాస్తో చోటు. ఆ చోటుకు సరిపడా వాళ్లను కుదించడం మానేసి, చోటునే పెంచిన పుస్తకమది. పాత్ర చాలనప్పుడు ధాన్యాన్ని పారబోయం కదా, పెద్ద పాత్ర తెస్తాం. ఆడవాళ్ల మాట విషయంలో మాత్రం ఈ ఇంగితం మనకు ఎందుకింత ఆలస్యంగా వస్తుంది?