స్కీనా మొగలో తేడా తెలియని వల

కెనడా నదిలో ఒక చేపను పెంచిన పథకం పక్క చేపల ప్రాణం మీదికి తెచ్చింది

కెనడా పశ్చిమ తీరంలో, అలాస్కా సరిహద్దుకు దిగువన ప్రిన్స్ రూపర్ట్ రేవు ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు వాన కురిసే ఊరు. దానికి దక్షిణంగా స్కీనా నది సముద్రంలో కలుస్తుంది. మబ్బుల్లోంచి వచ్చే నీరు అని స్థానిక త్సిమ్షియన్ ఆదివాసుల భాషలో ఆ పేరుకు అర్థం. దగ్గర్లోని పోర్ట్ ఎడ్వర్డ్‌లో చెక్క స్తంభాల మీద నిలిచిన పాత ఫ్యాక్టరీ పర్యాటకులను ఆకర్షిస్తుంది. సాల్మన్ చేపలను డబ్బాల్లో నింపడానికి 1889లో పెట్టిన నార్త్ పసిఫిక్ క్యానరీ అది. ఆదివాసులు, చైనీయులు, జపనీయులు, ఐరోపావారు అందులో పనిచేశారు. ఇప్పుడది మ్యూజియం. వేట మాత్రం ఆగిపోలేదు. వేసవిలో ప్రభుత్వం అనుమతించిన రోజుల్లో గిల్‌నెట్ పడవలు ఇప్పటికీ మొగలో వలలు విప్పుతాయి.

వాటి గురి సాకై సాల్మన్ మీదే. ఎర్రటి కండ, మంచి ధర పలికే చేప. గోదావరికి ఎదురీదే పులసలాగే సముద్రం నుంచి నదిలోకి వస్తుంది. కాకపోతే గుడ్లు పెట్టాక చనిపోతుంది. చిక్కల్లా జులై, ఆగస్టుల్లో అదే దారిన స్టీల్‌హెడ్, కోహో, చమ్ జాతులు కూడా రావడమే. మొప్పల దగ్గర బిగుసుకునే వలకు వాటి మధ్య తేడా తెలియదు. స్టీల్‌హెడ్ పడితే తిరిగి నీళ్లలో వదిలేయాలన్నది నిబంధన. కానీ ఊపిరాడక గింజుకున్న చేప ఆ తర్వాత బతుకుతుందన్న హామీ లేదు.

సమస్య మూలం మొగలో లేదు, ఎగువనున్న బాబిన్ సరస్సు దగ్గర ఉంది. సాకైని పెంచడానికి ప్రభుత్వం 1960ల చివర్లో, 1970ల తొలినాళ్లలో ఫుల్టన్ నది, పింకట్ వాగుల వద్ద గుడ్లు పెట్టే కృత్రిమ కాల్వలు తవ్వించింది. ఫలితం బ్రహ్మాండం. ఫ్రేజర్ తర్వాత కెనడాలో సాకైకి స్కీనాయే పెద్ద నది. అందులో అధిక భాగం బాబిన్ చేపలే. అయితే కాల్వల్లో పుట్టిన మందలో, ఉదాహరణకు, పదింట ఆరు పట్టినా లోటు రాదనుకుందాం. పక్కనే ఈదే చిన్న వాగు చేపల్లో పదింట మూడు పోయినా ఆ మంద క్షీణించవచ్చు. రెండింటికీ వల ఒక్కటే.

ఈ లెక్క 1998లో బయటపడింది. ఎగువ స్కీనా కోహో దారుణంగా తగ్గిపోవడంతో నాటి ఫెడరల్ మత్స్యశాఖ మంత్రి డేవిడ్ ఆండర్సన్ ఆ చేప తిరిగే చోట్ల వేటకు కళ్లెం వేశారు. చిన్న వలలు, తక్కువ సేపు వేట, పట్టిన చేప తేరుకునేందుకు పడవలో నీటి పెట్టెలు అమల్లోకి వచ్చాయి. కోహో కోలుకుంది. స్టీల్‌హెడ్ కథ వేరు. మొగకు ఎగువన టై అనే చోట 1950ల మధ్య నుంచీ ఏటా పరీక్ష వల వేసి చేపల రాకను అంచనా వేస్తున్నారు. 2021లో అక్కడ స్టీల్‌హెడ్ రికార్డు స్థాయికి పడిపోయింది. ఆ అక్టోబర్‌లో గాలాల వేటను సైతం నిలిపేశారు. వేడెక్కిన సముద్రానికీ ఇందులో వాటా ఉంది. అలాస్కా వలలదీ అంతే. స్కీనా చేపలు ఇంటికి చేరే ముందు ఆ నీళ్లు దాటాలి. కెనడా పడవలు కట్టేసినంత మాత్రాన లెక్క సరిపోదు.

నది ఎగువకు వెళితే పరిష్కారం కంటికి కనిపిస్తుంది. స్కీనా ఉపనది బల్క్‌లీ మీద విట్సెట్ లోయలో నది ఇరుకైన రాళ్ల మధ్య నుంచి దూకుతుంది. ఆ రాళ్ల మీద నిలబడి వెట్‌సువెటెన్ ఆదివాసులు చేతి వలలతో చేపలు పడతారు. ఏ చేపో చూస్తారు, అక్కర్లేనిది వదిలేస్తారు. బాబిన్ సరస్సులోనూ మిగులు సాకైని ఆదివాసులు విడిగా పడుతున్నారు. అక్కడికి చేరేసరికి మందలు వాటంతటవే విడిపోతాయి.

మరి అందరూ అక్కడే పట్టొచ్చు కదా? మొగలో సాకై వెండిలా మెరుస్తుంది, కొవ్వు నిండుగా ఉంటుంది. సరస్సు చేరేసరికి ఒళ్లు ఎర్రబారి, కండ మెత్తబడుతుంది. ధర పడిపోతుంది. పైగా వేట ఎగువకు తరలితే రాబడీ తరలుతుంది. స్టీల్‌హెడ్‌ను కాపాడే ఖర్చును ప్రిన్స్ రూపర్ట్ పడవవాళ్లే భరించాలా అన్నదే ఇక్కడ తెగని తగాదా.