తురక మాట - కశ్మీర్ పాట

తెలుగు ఊళ్ళల్లో మమ్మల్ని తురకోళ్ళంటారు. మేం ఇంట్లో మాట్లాడే ఉర్దూని తురకం అంటారు. ఆ మాట టర్కుల నుంచి వచ్చింది. మా దాదాకి టర్కీ ఏ దిక్కునుందో కూడా తెలియదు. సైకిళ్ళకు పంక్చర్లు వేసి మా అబ్బాని చదివించిన మనిషి. ఆయన చూసిన దూరదేశం హైదరాబాదు. అయినా చనిపోయేదాకా తురకోడే.

ఒక అసలు తురక గురించి చెప్తాను. పేరు అహ్మెత్ ఎర్తెగున్. 1923లో ఇస్తాంబుల్‌లో పుట్టాడు. తండ్రి అమెరికాలో టర్కీ రాయబారి. నల్లవాళ్ళని ముందు వాకిట్లోంచి రానివ్వని ఆ రోజుల్లో, అహ్మెత్, అతని అన్న కలిసి నల్ల సంగీతకారుల్ని వాషింగ్టన్‌లోని రాయబారి ఇంటికే పిలిచారు. కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పినా ఆపలేదు. 1947లో అహ్మెత్ మరొకరితో కలిసి అట్లాంటిక్ రికార్డ్స్ పెట్టాడు. రే చార్లెస్‌ని లోకానికి వినిపించింది ఆ కంపెనీయే. 1968లో లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లీషు రాక్ బృందాన్ని తీసుకున్నదీ అదే.

నేను ఆ బృందాన్ని 1993లో విన్నాను. ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవరో కాపీ చేసిచ్చిన క్యాసెట్టు. బాబ్రీ మసీదు కూలి అప్పటికి నాలుగు నెలలు. అందులో నాకు ప్రాణమైన పాట పేరు 'కశ్మీర్'. ఏ పాట ఇష్టమని ఎవరన్నా అడిగితే ఆ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మిగతావాళ్ళు కశ్మీర్ అంటే అది పాట. నేనంటే అది వాఙ్మూలం. ఒకసారి చెప్పాను. "నీకు నచ్చకేం చేస్తుందిలే!" అన్నాడొకడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. అట్లా నవ్వాల్సి రావడం ఏమిటో మా పిల్లలందరికీ తెలుసు.

నిజానికి ఆ పాట కశ్మీర్ గురించి కాదు. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ 1973లో మొరాకో ఎడారిదారిలో పోతుంటే పుట్టిన పాట అది. కశ్మీర్ చూడకుండానే కట్టారు. నేనూ కశ్మీర్ చూడలేదు. చూడనివాళ్ళు పాట కట్టొచ్చు. చూడని నేను మాత్రం విన్నందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలా?

ఇంట్లో గొడవ ఇంకోరకం. అమ్మీకి అది షైతాన్ల అరుపు. మసీదులో ఒక పెద్దమనిషి సంగీతమే హరామన్నాడు. హాస్టల్ మిత్రులకేమో నేను ఖవ్వాలీలు, గజళ్ళు వినకపోవడం వింత. నా చెవులు ఎట్లా ఉండాలో రెండువైపులా ముందే తీర్మానించేశారు.

1980లో డ్రమ్ములు వాయించే జాన్ బోనమ్ చనిపోయాక బృందం విడిపోయింది. ఆ తర్వాత ఒకటి రెండు వేదికల మీద కాసేపు కలిశారే తప్ప పూర్తి కచేరీ లేదు. 2006 డిసెంబరులో ఎర్తెగున్ చనిపోయాడు. ఇస్తాంబుల్‌లో ఒక సూఫీ తకియాలో దఫన్ చేశారు. తకియా అనే మాట మాకు పరాయిది కాదు, మా ఊరి ఫకీర్లదీ తకియానే. ఆయన జ్ఞాపకార్థం 2007 డిసెంబరు 10న లండన్ ఓ2 అరీనాలో మిగిలిన ముగ్గురూ కలిశారు. డ్రమ్ముల ముందు బోనమ్ కొడుకు జేసన్. టికెట్లకు 2 కోట్ల దరఖాస్తులొచ్చాయని పేపర్లు రాశాయి. లాటరీ తీశారు. అప్పుడు నా ఉద్యోగం లండన్‌లో. నాతో పనిచేసే మిత్రుడికి రెండు టికెట్లు తగిలాయి. ఒకటి నాకిచ్చాడు.

ఆ ఏడాది మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకి పోయినవాళ్ళు చచ్చిపోయారు. తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ ముస్లిం కుర్రాళ్ళనే. వాళ్ళమీది కేసులు కోర్టుల్లో నిలవలేదు. అమ్మీ ఫోన్ చేసినప్పుడల్లా "గుంపుల్లోకి పోకు బేటా" అనేది. బాంబు పేలితే చస్తానని ఒక భయం. చావకపోతే పట్టుకుపోతారని ఇంకో భయం.

గేటు దగ్గర పాస్‌పోర్టు చూశారు. పేరులో మహమ్మద్ ఉంది. అలవాటుగా నా భుజాలు బిగుసుకున్నాయి. అక్కడి అమ్మాయి చేతికి పట్టీ కట్టి పొమ్మంది. అంతే.

లోపల 18 వేల మంది. రెండు గంటలకు పైగా 16 పాటలు. జిమ్మీ పేజ్ జుట్టు తెల్లబడింది. కొన్ని పాటలు శ్రుతి దించి పాడారు. నాకది లోపమనిపించలేదు, వయసొచ్చిన గొంతు వయసుని దాచుకోలేదంతే. 'కశ్మీర్' మొదలైంది. జేసన్ దెబ్బ గుండెలో పడింది. పక్కనున్న ముసలాయన "కశ్మీర్!" అని కేకేశాడు. నేనూ కేకేశాను. ఆ మాట నా గొంతులోంచి అంత బిగ్గరగా రావడం అదే మొదటిసారి. ఒక్కరూ తిరిగి చూడలేదు.

లండన్ జన్నత్ అని చెప్పను. 2005 బాంబుల తర్వాత అక్కడి బస్సుల్లో గడ్డమున్నవాడి పక్క సీటు ఖాళీగా పోవడం కళ్ళారా చూసినవాణ్ణి. ఆ రాత్రి ఆ హాల్లో నేను ఇంకొక శ్రోతని, అదే నాకు దక్కింది.

అది నా ఊళ్ళోనూ కావాలి. అరవాల్సిన పని లేదు. బస్టాండు పక్క ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, మామూలు గొంతుతో, నాకు 'కశ్మీర్' పాటంటే ఇష్టమని అనాలి. వినేవాడు "ఏదీ, వినిపించు" అనాలి.