ట్రిగ్గర్ బరువు ఒక్కటే చూస్తే చాలదు

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పిస్టల్ ట్రిగ్గర్ మంచిదా కాదా అని తేల్చడానికి చాలామంది బరువొక్కటే, అంటే దాన్ని లాగడానికి పట్టే బలమొక్కటే చూస్తారు. కానీ అది కదిలే తీరూ ముఖ్యమే. 1911 నమూనా పిస్టల్‌లో ట్రిగ్గర్ సూటిగా, కొద్దిగా వెనక్కి జరిగి చటుక్కున వదులుతుంది. గ్లాక్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు సుమారు 5.5 పౌండ్లు; కాస్త సాగుతుంది, కానీ ప్రతిసారీ ఒకేలా సాగుతుంది. నా దృష్టిలో ఆ నిలకడే అసలు గుణం.

బరువు పెంచితే తొందరపాటు వేలు ఆగుతుందన్న వాదనను కొట్టిపారేయలేం. న్యూయార్క్ పోలీసులు ఏళ్ల తరబడి 12 పౌండ్ల ట్రిగ్గర్ వాడింది అందుకే. అయితే వేలిని ట్రిగ్గర్ మీద పెట్టకుండా ఆపాల్సింది శిక్షణ, స్ప్రింగు కాదు. నిండా కిలో కూడా లేని తుపాకీలో ట్రిగ్గర్‌ను ఐదు కిలోలకు పైగా బలంతో లాగితే గురి చెదరడం తేలిక. 2012లో ఎంపైర్ స్టేట్ భవనం ముందు అదే న్యూయార్క్ పోలీసుల కాల్పుల్లో తొమ్మిదిమంది బాటసారులు గాయపడ్డారు. ట్రిగ్గరొక్కటే కారణమనను, కానీ భద్రత లెక్కలో ఆ బాటసారులూ ఉండాలి కదా.